ఎనిమిది దగ్గర మోగే గంట

ఒకటి: సంజాయిషీ. నీ చేతిరాతతో, ఒక పేజీ మించకుండా. బుధవారం మధ్యాహ్నం లోపల.
రెండు: అందులో "నా అజాగ్రత్త వల్ల" అనే మాట ఉండాలి.
మూడు: ప్రోగ్రాంలో గాసు లెక్క సరిచెయ్యాలి. నాలుగు, ఎనిమిది, పదహారు అంకెల దగ్గర పరీక్షించాలి.
నాలుగు: బయట ఉన్న నలభైమూడు పరికరాల యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు.
ఐదు: గురువారం వాండో ప్రయాణం. నల్లబట్టలు. బేరిపళ్ళ పెట్టె ఒకటి, మంచి గుడ్డ చుట్టించి.
ఆరు: అక్కడ నువ్వు మాట్లాడొద్దు. తల వంచితే చాలు.

సోమవారం పొద్దున్న ఓక్ యొంజు బూట్లు విప్పి ఆఫీసు చెప్పుల్లో కాళ్ళు పెడుతూండగానే, కంప్యూటర్ తెర అంచున అంటించిన ఈ పసుపుపచ్చ చీటీ కనబడింది. రాత టీం లీడర్ థాక్ గ్యుసాంగ్‌ది. ఆయన అక్షరాలు ఎప్పుడూ కుదురుగా ఉంటాయి. ఈ చీటీలో మరీ కుదురుగా ఉన్నాయి. నిదానంగా ఆలోచించుకుని రాసినట్టున్నాడు.

యొంజు నిలబడే రెండుసార్లు చదివింది. తర్వాత కూర్చుని, చీటీని తీసి కీబోర్డు కింద పెట్టింది. పక్క బల్ల దగ్గర బ్యన్ కిథే చుట్టలు చుట్టిన కింబాప్ అన్నం తింటూ ఇటే చూస్తున్నాడు.

"గాయనిగారికి కచేరీ పిలుపా?" అన్నాడు.

"వాండోకి."

కిథే నమలడం ఆపాడు. "నిన్నెందుకు తీసుకెళ్తున్నాడు?"

"తప్పు చేసినవాళ్ళు వెళ్ళాలిగా."

కిథే మిగిలిన రెండు ముక్కలు ఆమె వైపు జరిపాడు.

అతను ఆమెను గాయనిగారూ అని పిలవడానికి కారణం ఉంది. వాళ్ళ కంపెనీ తయారుచేసే పరికరం చెరువుల్లో, తొట్లలో నీళ్ళలోని ప్రాణవాయువును నిమిషానికోసారి కొలిచి, ఒడ్డునున్న పెట్టెకు రేడియోలో పంపుతుంది. బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే అంకెను కురచ చేసి పంపాలి. అందుకని ప్రతి అంకెనూ రెండు ముక్కలు చేస్తారు. మొదటి ముక్క ఎప్పుడూ ఒకటికీ రెండుకీ మధ్యన ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు రెట్టింపు చెయ్యాలో రెండో ముక్క చెబుతుంది. ఆరు అనే అంకె ఉందనుకోండి. ఒకటిన్నర మొదటి ముక్క. ఒకటిన్నరకి రెట్టింపు మూడు, మూడుకి రెట్టింపు ఆరు. రెండుసార్లు. కాబట్టి రెండో ముక్క రెండు. రెండో ముక్కను ఘాతాంకం అంటారు. మొదటి ముక్కను కొరియా భాషలో గాసు అంటారు. పాటలు పాడేవాళ్ళను కూడా గాసు అనే అంటారు. పలకడంలో వెంట్రుకవాసి తేడా లేదు. గాసు లెక్క రాసింది యొంజు కాబట్టి ఆఫీసులో ఆమె గాయని అయింది.

ఆ లెక్కలోనే లోపం దొరికింది. పరికరం గాసును దగ్గరి అంకెకు సవరించి పంపుతుంది. నీళ్ళలో ప్రాణవాయువు ఎనిమిదికి వెంట్రుకవాసి తక్కువగా ఉన్నప్పుడు గాసు రెండుకి వెంట్రుకవాసి తక్కువ. సవరిస్తే రెండే అవుతుంది. రెండు అయితే గాసు నిండిపోయినట్టు. దాన్ని ఒకటి చేసి, ఘాతాంకానికి ఒకటి కలపాలి. చిన్నపిల్లలు కూడికలో పది వస్తే సున్నా వేసి, చేతిలో ఒకటి పెట్టుకున్నట్టే. ప్రోగ్రాం గాసును ఒకటి చేసింది గానీ, చేతిలోని ఒకటిని కలపడం మరిచిపోయింది. అప్పుడు ఎనిమిది కాస్తా నాలుగై కూర్చుంటుంది. నాలుగు అంటే ప్రమాదం. గంట మోగుతుంది. అంటే నీళ్ళు శుభ్రంగా, నిండుగా, ఏ లోటూ లేకుండా ఉన్న క్షణంలోనే గంట గోల పెట్టేది.

ఇలాంటి దొంగగంటతో విసిగి, వాండో దగ్గర షిన్జి దీవిలో ఒకామె గంటను ఆపేసుకుంది. ఆమెది జొన్‌బొక్ పిల్లల పెంపకం. పలకలకు అతుక్కుని బతికే సముద్రపు నత్తలవి. పోయిన మంగళవారం సముద్రపు నాచు పంపు మూతికి అడ్డుపడి నీళ్ళు రావడం ఆగిపోయింది. ప్రాణవాయువు నిజంగానే నాలుగుకి దిగింది, మూడుకి దిగింది. పరికరం ఆ అంకెలన్నీ ఒక్కటీ తప్పకుండా పంపింది. గంట మాత్రం మోగలేదు. ఆమె తెల్లారి వచ్చి చూసేసరికి పిల్లలన్నీ పలకలను వదిలేసి తొట్టి అడుగున పడి ఉన్నాయి.

ఇదంతా ఆఫీసులో అందరికీ తెలుసు. ఒక్కటి మాత్రం ఇద్దరికే తెలుసు. ఈ లోపాన్ని యొంజు పోయిన అక్టోబరులోనే పట్టుకుంది.

*

సంజాయిషీ రాయడానికి తారీఖు కావాలి. యొంజు లోపాల జాబితా తెరిచింది. ఏ లోపం ఎవరు పట్టుకున్నా అందులో ఎక్కిస్తారు, దానికో నంబరు పడుతుంది. ఆమె ఎక్కించిన దాని నంబరు రెండువందల పన్నెండు. ఆ నంబరు ఆమెకు బాగా గుర్తు. సరిచేసిన ప్రోగ్రాంను కూడా దానికే జతపరిచింది.

తెర మీద రెండువందల పదకొండు ఉంది. దాని కింద రెండువందల పదమూడు ఉంది.

ఆమె జాబితాను మళ్ళీ తెరిచింది. మూసి మళ్ళీ తెరిచింది. వెతికే చోట గాసు అని కొట్టింది. ఏమీ లేదు అని వచ్చింది. జాబితాలోంచి తీసేసే అధికారం టీం లీడర్‌కు ఒక్కడికే ఉంది. ఆమె లేచి ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళింది.

థాక్ గ్యుసాంగ్ కాఫీ మూల దగ్గర ఉన్నాడు. కాఫీపొడి పొట్లం చింపి గ్లాసులో వేసుకుని, ఖాళీ పొట్లాన్ని నిలువునా మడిచి దాంతోనే కలుపుతున్నాడు.

"టీం లీడర్‌గారూ, రెండువందల పన్నెండు కనబడటం లేదు."

"ఏ పన్నెండు?"

"అక్టోబరులో నేను ఎక్కించింది. గాసు నిండితే ఘాతాంకం పెరగట్లేదని."

"ఓ, అదా! పాతవి ఊడ్చేటప్పుడు పోయుంటుంది."

"పదకొండు ఉందండీ. పదమూడు కూడా ఉంది."

ఆయన కలపడం ఆపాడు. చుట్టూ చూసి, ఇంకో పొట్లం చింపి ఆమె కోసం రెండో గ్లాసు కలిపాడు. ఆ గ్లాసును రెండు చేతులా ఆమె చేతిలో పెట్టాడు.

"యొంజూ, నిన్ను ఈ కంపెనీకి తెచ్చిందెవరు?"

"మీరే."

"ఇంటర్వ్యూలో నీకు నోరు పెగలకపోతే, ఈ పిల్లకు మాటలు రావుగానీ లెక్కలొచ్చని పైవాళ్ళకు చెప్పిందెవరు?"

"మీరే, సీనియర్‌గారూ."

"మరి? ఆ రోజే చెప్పానుగా నీకు. ప్రభుత్వం వాళ్ళిచ్చిన అనుమతి పాత ప్రోగ్రాంకి. అందులో ఒక్క అక్షరం మార్చినా పరీక్షలన్నీ మొదటికొస్తాయి. వసంతంలో కొత్త మోడల్‌తో కలిపి మారుద్దామన్నాను. నువ్వూ సరేనన్నావు."

"సరేనన్నాను. మీరు పైకి చెప్తానన్నారు."

"చెప్పే సమయం రావొద్దూ?" ఆయన గొంతు తగ్గించాడు. "చూడు. అక్టోబరు మాట బయటికొస్తే కంపెనీ తెలిసీ ఊరుకుందని అంటారు. టీం మొత్తం కొట్టుకుపోతుంది. కిథేకి మొన్ననే పాప పుట్టింది. అదే, చిన్నపిల్ల పొరపాటు, ఇప్పుడే తెలిసింది, సరిచేశాం అంటే ఒక్క కాగితంతో పోతుంది. ఆ కాగితం నా సొరుగులో ఉంటుంది. నేనున్నానుగా, నీ మీద ఈగ వాలనిస్తానా?"

కాఫీ తియ్యగా ఉంది. ఆమెకు చక్కెర ఎక్కువ ఇష్టమని ఆయనకు తెలుసు. అది గుర్తు పెట్టుకునే మనిషి నంబరును చెరిపేస్తాడా అని ఆమెకు ఇంకా నమ్మబుద్ధి కాలేదు.

సంజాయిషీ కాగితాన్ని కొరియా భాషలో పిలిచే పేరుకు అర్థం "మొదలూ చివరా". యొంజు మొదటినుంచే రాసింది. అక్టోబరులో లోపం ఎలా కనబడింది, ఎవరికి చెప్పింది, ఏం జవాబు వచ్చింది. బుధవారం పొద్దున్న థాక్ ఎర్రపెన్సిల్ తీసి మొదటి రెండు పేరాలకు అడ్డంగా గీత గీశాడు.

"మొదలు అక్కర్లేదమ్మా. చివర చాలు."

ఆమె మళ్ళీ రాసింది. "నా అజాగ్రత్త వల్ల" అని రాసింది. "ప్రమాదం తర్వాతనే లోపం బయటపడింది" అని ఆయన చెబుతూంటే రాసింది. కింద సంతకం పెట్టింది.

*

గురువారం కారులో థాక్ పాత పాటలు పెట్టాడు. దారిలో ఆగినచోట వేడివేడి అక్రోటు బిళ్ళలు కొని పొట్లం ఆమె ఒళ్ళో పెట్టాడు. "తిను. ఏడ్చినట్టు మొహం పెట్టకు. అక్కడ పెడుదువుగాని" అని నవ్వాడు. ఆమె ఒకటి తీసుకుంది. వెనక సీట్లో బేరిపళ్ళ పెట్టె గులాబీరంగు గుడ్డలో బుద్ధిగా కూర్చుని ఉంది.

వంతెన దాటి దీవిలోకి దిగాక, ఒడ్డునే నీలిరంగు రేకుల షెడ్డు. తలుపు దగ్గర మో బొంగ్నె నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, పూలపూల పనిలాగు, దూది కుట్టిన చేతుల్లేని కోటు. లోపల వరసగా తొట్లు. ఒకదాంట్లో నీళ్ళు లేవు. దాని పక్కన అలలు అలలుగా వంపులు తిరిగిన ప్లాస్టిక్ పలకలు దొంతర పెట్టి ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే బ్రష్షుతో తోముతోంది. వీళ్ళు వచ్చారని ఆపలేదు.

థాక్ తడినేల మీదనే మోకాళ్ళూని వంగాడు. యొంజు ఆయన పక్కన వంగింది. నీళ్ళు బట్టలోంచి మోకాళ్ళకు తగిలాయి.

"లేవండి, తడి" అంది బొంగ్నె. "ఆ పండ్లు లోపల గదిలో పెట్టండి."

షెడ్డు మూలన చిన్న గది, వెచ్చటి నేల. ముగ్గురూ కూర్చున్నారు. థాక్ సంచీలోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి యొంజు సంజాయిషీ. దాన్ని గౌరవంగా బొంగ్నె ముందుంచాడు. సొరుగులో ఉంటుందన్న కాగితం. యొంజు దాన్ని చూసి, ఆయన్ని చూసింది. ఆయన ఇటు తిరగలేదు.

"తప్పు చేసిన పిల్ల ఇదేనమ్మా. స్వయంగా ఒప్పుకుంది. ఇక ఈ రెండోది లాంఛనమే. గంటను మీ సొంత నిర్ణయంతో ఆపారని. ఇది ఉంటే పైవాళ్ళు మీకు కొత్త పరికరం వెంటనే పంపిస్తారు."

బొంగ్నె కాగితాన్ని దూరంగా పెట్టి చదివింది. "ఆపింది నేనే. ఈ చేత్తోనే ఆపా. అబద్ధమేం కాదుగా" అంటూ సొరుగులోంచి పేరుముద్రను, ఎర్రసిరా డబ్బీని బయటికి తీసింది. డబ్బీ మూత తిప్పుతూ ఆగింది. "ఈ సొంత నిర్ణయం ఏంది? మీ ఆఫీసు పిల్ల ఆపుకోమంటేనే గదా ఆపింది. ఊరికే ఎవరన్నా గంట ఆపుకుంటారా?"

"మా ఆఫీసులో అలా చెప్పేవాళ్ళు ఎవరూ లేరమ్మా. వేరే ఎవరో..."

"ఎవరో ఏంది? రాసి పెట్టా."

ఆమె మోకాళ్ళ మీద చెయ్యి పెట్టుకుని లేచి, గోడకున్న క్యాలెండర్ తీసుకొచ్చింది. మత్స్యకారుల సంఘం పంచే పెద్ద క్యాలెండర్. ప్రతి గడిలో ఆటుపోట్ల వేళలు అచ్చువేసి ఉంటాయి. మిగిలిన చోట ఆమె బాల్‌పెన్నుతో తన రాతలు రాసుకుంది. జనవరి నుంచి తిప్పుకుంటూ వచ్చింది. యొంజు మెడ సాచి చూసింది.

*ఎండ. మోగింది. నీళ్ళు బాగున్నయ్.*

*మబ్బు. మోగలా.*

*ఎండ. 8కి వస్తావుంటే మోగింది. పెట్టెలో 4 అంటది. అబద్ధం.*

*ఎండ. 8 దగ్గరే. కంపెనీకి ఫోన్. ఎవరో ఎత్తి సరే అన్నారు.*

*8 దగ్గరే. మళ్ళీ ఫోన్.*

యొంజు ఆ రాతలను మళ్ళీ మొదటినుంచి చదివింది. అక్టోబరులో ఆమె లక్షల అంకెలను ప్రోగ్రాంలోకి పంపి, ఎక్కడ తప్పుతోందో వెతుక్కుంటూ మూడు వారాలు కూర్చుంది. ఈమె ఒక బాల్‌పెన్నుతో అక్కడికే వచ్చింది. ఎండ కాస్తే తొట్టిలోని పాచి ఊపిరి వదులుతుందని, నీళ్ళు ఎనిమిదికి ఎక్కుతాయని, సరిగ్గా అక్కడే పెట్టె అబద్ధమాడుతుందని ఆమె జనవరిలోనే గడిలో రాసిపెట్టుకుంది.

"ఇదిగో, మార్చి పద్నాలుగు" అని బొంగ్నె వేలు పెట్టింది.

*మూడో ఫోన్. ఆఫీసు పిల్ల మాట్లాడింది. గాయకుడిలో లోపం ఉందంట. మోగితే గంట ఆపుకోమంది.*

"ఏ గాయకుడో నాకేం తెలుసు?" అంది బొంగ్నె. "పాటలు వింటా మాట్లాడతందేమో అనుకున్నా. పాపం మర్యాదగానే చెప్పింది. గుచ్చి గుచ్చి అడిగితే బాగుండదని ఊరుకున్నా."

థాక్ ముఖం ఒక్క క్షణం కదలకుండా ఉండిపోయింది. మరుక్షణమే నవ్వాడు. "ఈ కాలం పిల్లలంతే అమ్మా, చెవుల్లో పాటలు పెట్టుకుని ఫోనెత్తుతారు. ఆ మాట పట్టుకుని ఏం లాభం? ముద్ర ఇక్కడ వెయ్యండి." నవ్వుతూనే యొంజు వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. నమ్మకం ఉంది. ఈ పిల్ల మాట్లాడదని నమ్మకం.

మార్చి పద్నాలుగున ఆఫీసుకి పదకొండు ఫోన్లు వచ్చాయి. గంట గురించి ఎవరడిగినా తాత్కాలికంగా ఆపుకోమని చెప్పమన్నది థాక్. చెప్పింది యొంజు. వట్టిగా ఆపుకోండి అనడం తప్పనిపించి, కారణం కూడా చెబితే నిజాయితీగా ఉంటుందని, "గాసులో లోపం ఉందండీ" అంది. అటువైపు ఆమె "ఆహా, అట్టాగా" అంది. తర్వాత పన్నెండో ఫోన్ రాలేదు. యొంజు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళింది. సోమవారం నుంచీ తనకు జరిగిన మోసాన్ని ఆమె అక్టోబరు నుంచి మొదలుపెట్టి మనసులో నూరుసార్లు చెప్పుకుంది. అందులో ఒక్కసారి కూడా మార్చి నెల రాలేదు.

బొంగ్నె ముద్రను సిరాలో అద్దింది.

"అమ్మా" అంది యొంజు. "అది గాయకుడు కాదు."

"ఓక్ యొంజూ!" అన్నాడు థాక్.

"గాసు అంటే మా లెక్కల్లో ఇంకో అర్థం ఉంది. అంకెను రెండు ముక్కలు చేస్తే అందులో మొదటి ముక్క." ఆమె బేరిపళ్ళ గుడ్డకు కట్టిన దుకాణం చీటీని తిప్పి ఎనిమిది అని రాసింది. పక్కన గాసు రాసింది, ఘాతాంకం రాసింది. గాసు నిండితే ఏం చెయ్యాలో, ప్రోగ్రాం ఏం చేసిందో చూపించింది.

బొంగ్నె చివరిదాకా విననే లేదు. "అంటే చేతిలో ఒకటి మర్చిపోయారు."

"అవునమ్మా."

"ఒకటో తరగతి పిల్లోళ్ళ తప్పు."

"అవును."

"ఇది ఎప్పటినుంచి తెలుసు మీకు?"

"అక్టోబరు నుంచి."

"మరి మార్చిలో నాతో మాట్లాడింది?"

"నేనే."

బయట పంపు చప్పుడు వినబడుతోంది. బొంగ్నె ముద్రకు అంటిన ఎర్రసిరాను పాత గుడ్డతో తుడిచింది. గీతల సందుల్లో మిగిలినదాన్ని గోటితో తీసింది. డబ్బీ మూత పెట్టింది.

"ఆ గొంతు వింటే పట్టేస్తానని అనుకున్నా" అంది. "వచ్చినకాడి నుంచి నువ్వు నోరు తెరిస్తేగా."

*

థాక్ ఆమెను షెడ్డు బయటికి తీసుకెళ్ళాడు. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి.

"నీకు నేనేం తక్కువ చేశాను? నమ్మించి గొంతు కోశావు కదే!"

యొంజు దగ్గర జవాబు ఉంది. రెండువందల పదకొండు ఉంది, పదమూడు ఉంది అన్నదే ఆ జవాబు. కానీ అది ఇప్పుడు చాలా చిన్నదిగా కనబడింది. "కాగితం సొరుగులో ఉంటుందన్నారు" అని మాత్రం అంది.

ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. ఆమె కోటు వెనక సీట్లోనే ఉండిపోయింది.

లోపల బొంగ్నె మళ్ళీ పలకలు తోముతోంది. తలెత్తకుండానే అడిగింది. "ఇట్టాంటివి ఇంకా ఎన్నున్నయ్ బయట?"

"నలభైరెండు."

"వాళ్ళక్కూడా ఆపుకోమని చెప్పావా?"

"ఫోన్ చేసినవాళ్ళకి చెప్పాను."

"నంబర్లున్నయ్యా?"

ఉన్నాయి. యొంజు ఫోనులో జాబితా తీసింది.

"అయితే కూర్చో. ఇక్కడే కూర్చొని చెయ్యి. నేను వింటా."

ఆమె బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. మొదటి నంబరు కలిసింది. "అయ్యా, నేను కంపెనీ నుంచి మాట్లాడుతున్నానండీ. మా పరికరంలో గాసు నిండినప్పుడు..."

తడి బ్రష్షు ఆమె మోచేతికి తగిలింది. "గాసు అనబాకు! మళ్ళా గాయకుడంటారు. ఎనిమిది దగ్గర అబద్ధం చెబుద్ది, మిగతాచోట నిజమే చెబుద్ది, గంట మళ్ళా మోగేట్టు తెరిచి పెట్టుకోండి. అంతే చెప్పు."

యొంజు అంతే చెప్పింది. ఎనిమిది దగ్గర అబద్ధం, మిగతాచోట నిజం. గంట తెరిచి ఉంచండి. తప్పు మాది. రెండో నంబరాయన తిట్టాడు. ఐదో నంబరామె, "మీరే ఆపమన్నారు, మళ్ళీ మీరే తెరవమంటున్నారు, మేమేమన్నా మీ ఇంటి పనివాళ్ళమా?" అంది. యొంజు గోడకి తల వంచి, "అవునండీ, నేనే చెప్పాను" అంది. తొమ్మిదో ఆయన, "ఏ ఎనిమిది?" అని అడిగితే, బొంగ్నె ఫోన్ లాక్కుని, "ఎండ కాసినప్పుడు వచ్చే ఎనిమిదయ్యా! నీ తొట్టికి ఎండ తగలదా ఏంది?" అని తిరిగిచ్చింది.

నలభైరెండు మందిలో పంతొమ్మిది మంది గంట ఆపేసుకుని ఉన్నారు. చివరివాడు తెరిచేదాకా యొంజు ఫోన్ పెట్టలేదు. తెరిచాక అవతల చిన్నగా ఒక టింగుమన్న చప్పుడు వినబడింది.

అప్పటికి పలకల దొంతర తోమడం అయిపోయింది. బొంగ్నె చేతులు కడుక్కుంది. ఏం ఫరవాలేదు అనలేదు, క్షమించాను అనలేదు. బేరిపళ్ళ పెట్టెను విప్పలేదు. "ఆఖరు బస్సు ఐదింటికి" అంది. యొంజు తలుపు దాటుతుంటే మాత్రం, మేకుకున్న తన పాత ఊలుకోటు తీసి విసిరినట్టుగా ఇచ్చింది. "టపాలో పంపు. మర్చిపోతే ఫోన్ చేస్తా. నాకు ఫోన్లు చెయ్యడం అలవాటేగా."

*

శుక్రవారం పొద్దున్న యొంజు సంజాయిషీ మళ్ళీ రాసింది. మూడు పేజీలు వచ్చింది. అక్టోబరు రాసింది, చెరిపేసిన నంబరు రాసింది, మార్చి పద్నాలుగు రాసింది. థాక్ పేరు ఎక్కడ రావాలో అక్కడ వచ్చింది. ఆమె పేరు ఆయన పేరు కంటే ఎక్కువసార్లు వచ్చింది. ఒక ప్రతి థాక్ బల్ల మీద పెట్టింది. రెండోది డైరెక్టరు గదిలో ఇచ్చింది. మూడోది బొంగ్నె కోటుతో పాటు అట్టపెట్టెలో పెట్టి టపాలో వేసింది.

పదకొండింటికి డైరెక్టరు రమ్మన్నాడని కబురొచ్చింది. అప్పటికి పదింపావు అయింది. కిథే ఇటు తిరిగి, "సామాన్లు సర్దుకుంటావా? అట్టపెట్టె తెచ్చిపెట్టనా?" అని మెల్లగా అడిగాడు. వేళాకోళంగా నవ్వబోయి నవ్వలేకపోయాడు.

"ముందు చీటీలో మూడోది మిగిలింది" అంది యొంజు.

ఆమె ప్రోగ్రాం తెరిచింది. గాసు నిండితే ఒకటి చేసి ఘాతాంకానికి ఒకటి కలిపే వరసను రాసింది. నాలుగు దగ్గర పరీక్షించింది, నాలుగే వచ్చింది. ఎనిమిది దగ్గర ఎనిమిది. పదహారు దగ్గర పదహారు. ఇక మూసెయ్యవచ్చు. కానీ ఆ వరస చూడటానికి అనవసరంగా కనబడుతుంది. రేపు ఎవరైనా కొత్తగా వచ్చినవాళ్ళు ప్రోగ్రాంను కురచ చెయ్యబోయి దాన్ని తీసెయ్యవచ్చు. అలాంటి వరసల పైన, యంత్రం చదవని, మనుషులు మాత్రమే చదివే నాలుగు మాటలు రాసిపెట్టడం ఆ పనిలో ఆనవాయితీ. లోపాన్ని కనిపెట్టిన వాళ్ళ పేరు కూడా అక్కడే రాస్తారు. యొంజు వేళ్ళు తన పేరులోని మొదటి అక్షరం మీదకి అలవాటుగా వెళ్ళాయి. ఆ అక్షరాన్ని చెరిపి ఇలా రాసింది:

ఈ వరసను తీసెయ్యబోతున్నవారికి మనవి. ఇది లేకపోతే నీళ్ళు బాగున్నప్పుడు గంట మోగుతుంది. అప్పుడు జనం గంటను నమ్మడం మానేస్తారు. ఈ సంగతి మేము చెప్పకముందే, ఎండను, అంకెను పక్కపక్కన రాసుకుని కనిపెట్టిన మనిషి ఒకరున్నారు. మూడుసార్లు ఫోన్ చేసి చెప్పారు. మేము రాసుకోలేదు. ఆమె పేరు మో బొంగ్నె, షిన్జి దీవి, జొన్‌బొక్ పిల్లలను పెంచుతారు. ఇది చదివినవారు దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.